నిద్ర లేచే ఫోనుకు ముస్తాబు

నల్లగొండ గడియారం సెంటర్లో పది నిమిషాలు నిలబడితే జిల్లా కష్టాలన్నీ చెవిన పడతాయి. నీళ్లు, రోడ్లు, కొలువులు. వాటి మీద లొల్లి చేయడానికి మనుషులున్నారు. దిక్కులేని కష్టం ఒక్కటే మిగిలింది. మన పైసలతో కొన్న ఫోన్ ఆన్ చేస్తే, మన కండ్ల ముందే కంపెనీ పేరు గిరగిరా తిరుగుతుంది. పెండ్లి పత్రికలో పిల్లా పిలగాని పేర్ల కన్నా పైన ప్రింటింగ్ ప్రెస్ పేరు వేసినట్టు! ఈ అవమానం మనకు ఫోన్ హ్యాంగైనప్పుడల్లా, అంటే నెలకు రెండు మూడు తాపలు, ఒక్కో తాప ఇరవై ముప్పై సెకండ్లు జరుగుతోంది. ఇంకెంతకాలం ఓర్చుకోవాలి?

ముందు శత్రువును గుర్తుపట్టాలి. బటన్ నొక్కంగనే కదలకుండా కనిపించే లోగో బూట్‌లోడర్‌ది, అంటే అందరికన్నా ముందు లేచి ఆండ్రాయిడ్‌ను లేపే చిన్న ప్రోగ్రామ్‌ది, దాని జోలికి పోవద్దు. ఆ తర్వాత కదిలేదే బూట్ యానిమేషన్, దాని జాగాలో మన సొంత బొమ్మ పెట్టుకోవాలి. ఆండ్రాయిడ్‌లో అది మామూలు జిప్ ఫైలు, పేరు బూట్‌యానిమేషన్ డాట్ జిప్. పాత ఫోన్లలో సిస్టమ్ కింద మీడియా ఫోల్డర్లో ఉంటుంది, కొత్తవాటిలో ఎక్కువగా ప్రాడక్ట్ కింద మీడియాలో. సామ్‌సంగ్ వాళ్ల దారి వేరు: జిప్ కాదు, క్యూఎంజీ అనే సొంత రకం. వాళ్ల ఫోన్‌ను అన్‌లాక్ చేసి బయటి సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే లోపల నాక్స్ అనే గుర్తు పడిపోతుంది. పచ్చబొట్టు లెక్క, మళ్లీ చెరగదు.

మిగతావారికి త్యాగాలు కొంచెం తక్కువ. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద 7 సార్లు కొట్టి డెవలపర్ ఆప్షన్స్ తెరవాలి, తాళం తీయనిచ్చే ఓఈఎం అన్‌లాకింగ్ ఆన్ చేయాలి, ఫాస్ట్‌బూట్‌లో, అంటే కంప్యూటర్ నుంచి ఫోన్‌కు ఆజ్ఞలిచ్చే మోడ్‌లో, బూట్‌లోడర్ తాళం తీయాలి. తాళం తీసిన క్షణంలో ఫోన్లోని ఫొటోలు, మెసేజ్‌లు, అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. షావోమీ ఫోన్లయితే ఆ భాగ్యానికి కూడా రోజుల తరబడి ఎదురుచూడమన్న రివాజు ఉంది. ఆషాఢంలో కొత్తకోడలు కూడా అంత నిష్ఠగా రోజులు లెక్కపెట్టదు.

ఆ తర్వాత మ్యాజిస్క్ అనే యాప్‌తో రూట్, అంటే ఫోన్ మీద పూర్తి పెత్తనం. పాత పద్ధతిలో సిస్టమ్‌ను రాతకు తెరిచి ఫైలు మారుద్దామంటే కొత్త ఫోన్లు రానివ్వవు. ఆండ్రాయిడ్ 10 తర్వాత వచ్చిన చాలా ఫోన్లలో సిస్టమ్ ఉండే పార్టిషన్లు, అంటే స్టోరేజీలోని గదులు, చదవడానికే తప్ప రాయడానికి లేవు. అందుకే జిప్‌ను మ్యాజిస్క్ మాడ్యూల్ అనే ప్యాకెట్‌లో పెట్టి, అసలు ఫైలును ముట్టకుండా పైనుంచి కప్పాలి. ఫైలు పర్మిషన్ 644 ఉండాలి, అంటే అందరూ చదవొచ్చు, యజమాని ఒక్కడే రాయొచ్చు.

ఇగ అసలు విద్య. జిప్ లోపల డెస్క్ అనే టెక్స్ట్ ఫైలు, పక్కన పార్ట్0, పార్ట్1 అని బొమ్మల ఫోల్డర్లు. టెక్స్ట్‌లో మొదటి వరుస, ఉదాహరణకు, 1080 2400 30, అంటే వెడల్పు, ఎత్తు, సెకనుకు ఎన్ని బొమ్మలు. తర్వాత ఒక్కో ఫోల్డర్‌కు ఒక్కో వరుస: ముందు పీ గానీ సీ గానీ, తర్వాత ఎన్నిసార్లు ఆడాలి (0 అంటే ఫోన్ లేచేదాకా), తర్వాత చివర్లో ఎన్ని ఫ్రేమ్‌లసేపు ఆగాలి, ఆఖరున ఫోల్డర్ పేరు. పీ మర్యాదస్తురాలు, ఫోన్ లేవంగనే పక్కకు తప్పుకుంటుంది. సీ అట్ల కాదు. విస్తర్లు వేసినా మైకు వదలని సభాధ్యక్షుడు. ఫోన్ తయారై కూచున్నా తన ముచ్చట అయ్యేదాకా లోపలికి పోనివ్వదు. ఫోన్ స్లో అయిందని ఏడ్చేవాళ్లు ముందు తాము రాసుకున్న సీని చూసుకోవాలి.

ఆఖరి వరుస తర్వాత ఎంటర్ కొట్టడం మరిస్తే ఆ వరుసను ఫోన్ లెక్కలోకే తీసుకోదు. బొమ్మల పేర్లు 00001, 00002 అని సున్నాలతో సహా ఉండాలి. లేకపోతే 2 కంటే ముందు 10 వస్తుంది, చిటికి కట్టిన పోగు జారిన పోచంపల్లి చీర లెక్క డిజైనంతా ఆగమాగం. అన్నిటికన్నా పెద్ద పాపం జిప్ చేయడంలోనే జరుగుతుంది. రైట్ క్లిక్ కొట్టి కంప్రెస్ అంటే ఫోల్డర్లో ఫోల్డర్ పడుతుంది, పైగా బొమ్మలు కుదించుకుపోతాయి. కుదించిన బొమ్మను ఫోన్ ముట్టదు, నల్ల తెర చూపిస్తుంది. డెస్క్ ఫైలు, పార్ట్ ఫోల్డర్లు ఉన్న చోటికే పోయి, వాటిని కుదించకుండా, అంటే కంప్రెషన్ స్టోర్ (0 స్థాయి) పెట్టి, జిప్ చేయాలి.

మన జిల్లాకు ఏ బొమ్మ తగునన్నది జాతీయ ప్రాముఖ్యం ఉన్న ప్రశ్న. నాగార్జునసాగర్ 26 గేట్లూ ఒకదాని తర్వాత ఒకటి లేస్తే ఎంత బాగుంటుంది! కానీ లెక్క చూడండి. 1080 ఇంటూ 2400 బొమ్మ ఒక్కటి విప్పితే ఒక్కో చుక్కకు 4 బైట్ల చొప్పున ఒక కోటీ 3 లక్షల 68 వేల బైట్లు. ఒక్కసారి ఆడే భాగమైతే ఫోన్ బొమ్మను చూపించి పారేస్తుంది. మళ్లీ మళ్లీ తిరిగే భాగమైతే అన్నిటినీ పట్టుకొని కూచుంటుంది. గేటుకు 4 బొమ్మల చొప్పున 104 వేసి తిప్పితే 107 కోట్ల బైట్లు దాటుతుంది. అప్పుడే లేస్తున్న ఫోన్ మీద వరద వదిలినట్టే. గేట్లను ఒకేసారి ఆడే భాగంలో పెట్టి, తిరిగే భాగాన్ని చిన్నగా ఉంచాలి. పాలమూరు పిల్లలమర్రి ఊడలు దిగడం కూడా ఇట్లాంటి బాపతే. కోరికకు హద్దుండాలి.

అన్నివిధాలా తూగేది పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం. గర్భగుడిలో పడే నీడ రోజంతా కదలదన్నది దాని ప్రఖ్యాతి. కదలని నీడకు ఒక్క ఫ్రేమ్ చాలు. పీ, 0, 0, పార్ట్0. మెమరీ కోటి బైట్లు. యానిమేషన్ శాస్త్రంలో ఇంతకన్నా పొదుపైన శిల్పం దొరకదు.

ఇంత చేసి గడియారం సెంటర్లో ఛాయ్ తాగితే, యూపీఐ యాప్ తెరవంగనే తాళం తీసిన ఫోన్లో నడవనని మొండికేయొచ్చు. చాలా బ్యాంకు యాప్‌లకు రూట్ వాసన పడదు. కంగారు పడొద్దు. అక్కడే ఫోన్ రీస్టార్ట్ చేసి ఛాయ్ బండాయనకు సోమేశ్వరుని నీడ చూపించొచ్చు. ఆయన ఇరవై సెకండ్లు శ్రద్ధగా చూస్తాడు. తర్వాత, "మంచిగుందన్నా, పైసలు చిల్లర ఇయ్యి" అంటాడు.