క్యారేజీలు వెతికే మహానుభావులకు

పొద్దున ఆఫీసు గేటు దగ్గర నా క్యారేజీ మూత తీయించారు. పెరుగన్నం, దొండకాయ వేపుడు. పెన్‌డ్రైవ్ దాచానేమోనని చెంచాతో కెలికి చూశారు! 'కొత్త రూల్ మేడమ్' అన్నాడు సెక్యూరిటీ అబ్బాయి. వాడేం చేస్తాడు పాపం. అదే టైముకి పెద్దసారు కారు అద్దం కూడా దించకుండా లోపలికెళ్లింది. పైగా సెల్యూట్ ఒకటి.

డేటా బయటికి పోతోందట. దొండకాయ వేపుడులోంచా పోయేది?

ఆల్‌ఫ్రెడ్ రెడ్ల్ అని ఒకాయన ఉండేవాడు. ఒకప్పటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం సైన్యంలో గూఢచారుల్ని పట్టుకునే విభాగానికి పెద్ద. ఆఫీసుకొచ్చినవాళ్లకి తెలియకుండా ఫోటోలు తీయించి, వేలిముద్రలు సేకరించే ఘనుడు. అంత ఘనుడూ సొంత సైన్యం రహస్యాలు ఏళ్ల తరబడి రష్యాకి అమ్ముకున్నాడు. జీతానికి మించిన జల్సాలు, ఖరీదైన కారు. ఎక్కడిదయ్యా ఇంత డబ్బు అని గట్టిగా అడిగిన నాథుడు లేడు. కల్నల్ గారు కదా! ఆయన క్యారేజీ ఎవడు తెరుస్తాడు?

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతేమో గానీ పోస్టాఫీసు గుమస్తా పట్టించాడు. నికోన్ నిజెటాస్ అనే దొంగపేరు మీద డబ్బు కుక్కిన కవర్లు వియన్నా పోస్టాఫీసులో పడున్నాయి. 1913 మే 24న అవి తీసుకోడానికి ఒకాయన రాగానే, పోలీసులు ముందే చెప్పి పెట్టినట్టు గుమస్తా బెల్లు నొక్కాడు. పోలీసులొచ్చేసరికి మనిషి టాక్సీలో ఉడాయించాడు (పోలీసులు ఎక్కడైనా అంతే). ఆ టాక్సీ వెతికి పట్టుకుంటే సీట్లో ఆ మనిషి మర్చిపోయిన చాకు ఒర ఒకటి దొరికింది. ఆ మనిషి చేరిన క్లోమ్సర్ హోటల్లో ఆ ఒర చూపించి 'ఇది ఎవరిదండీ' అంటే, 'నాదే' అన్నాడు సాక్షాత్తూ రెడ్ల్.

బేడీలు వేశారా? అబ్బే. ఆ రాత్రే నలుగురు ఆఫీసర్లు గదికెళ్లి, మర్యాదగా మాట్లాడి, పిస్తోలు చేతికిచ్చి బయటికొచ్చారు. తెల్లారేసరికి కాల్చుకున్నాడు. ఏమేం అమ్మాడు, ఇంకెవరున్నారు అనేవి చాలావరకు ఆయనతోనే పోయాయి. పేపర్లకేమో, పాపం నిద్రలేమితో బాధపడేవాడు, ప్రతిభావంతుడు అని చెప్పారు. మన దగ్గర 'ఆరోగ్య కారణాల వల్ల రాజీనామా' అంటారే, అదన్నమాట. కాకపోతే మనవాళ్లు శాలువా కూడా కప్పుతారు.

అసలు నా మంట క్యారేజీ గురించి కాదు. మా చెల్లి ఒక ఉద్యోగప్పరీక్ష రాయడానికి వెళ్తే సెంటర్ గేటు దగ్గర మెట్టెలు తీయించారు. చున్నీ తీయించారు. చేతికి అమ్మ కట్టిన తాడుని కత్తెరతో కోశారు. అది అలాగే కళ్లు తుడుచుకుంటూ వెళ్లి రాసింది. పేపరేమో అప్పటికే లోపలివాళ్ల చేతుల మీదుగా బజారుకెక్కింది. పరీక్ష రద్దు. మళ్లీ పెట్టేసరికి దానికి ఏజ్ లిమిట్ దాటిపోయింది.

'రూల్స్ అందరికీ ఒకటే కదా మేడమ్' అని కామెంట్లలోకి దిగే పెద్దమనుషులు, పేపర్లు పెట్టిన గది తాళంచెవి మా చెల్లి మెట్టెల్లో ఉందా, లోపలి సార్ల జేబులో ఉందా చెప్పి అప్పుడు మాట్లాడండి.