కాస్త పక్కకి జరగండి, ప్రకృతి పడటం లేదు

కోనసీమలో ఫోటోగ్రఫీకి పెద్ద ఆటంకం కోనసీమ జనమే. ఈ మాట అనడానికి నాకూ మనసొప్పటం లేదు, నేనూ ఈ నీళ్ళు తాగి పెరిగినవాణ్ణే. కానీ పదకొండేళ్ళుగా ఆదివారమొస్తే తెల్లారుజామున నాలుగున్నరకి లేచి, మెడలో కెమెరా వేసుకుని ఏటిగట్లంబడి తిరుగుతున్న అనుభవంతో, పూర్తి బాధ్యతతో చెబుతున్నాను. కాలువ అద్దంలా ఉంటుంది. కొబ్బరిచెట్లు రెండు గట్ల మీంచీ వంగి నీళ్ళలో మొహం చూసుకుంటుంటాయి. మంచు పలచగా పట్టి ఉంటుంది. కెమెరాని స్టాండుకి బిగించి, ఊపిరి బిగబట్టి, మీట నొక్కబోయే సమయానికి వేపపుల్ల నములుతూ ఒక పెద్దాయన అడ్డొస్తాడు. వచ్చినవాడు వచ్చినట్టు పోడు. ఆగి, పుల్ల తీసి, "ఏ ఊరండీ తమది? సర్వేకొచ్చారా?" అంటాడు. ఈలోగా మంచు కరిగిపోతుంది.

మా బృందంలో తొమ్మిది మందిమి. ఇద్దరు మేష్టార్లు, ఒక బ్యాంకు ఉద్యోగి, ఒక ఎరువుల కొట్టాయన, మిగతావాళ్ళం రకరకాలు. ఎవరి పొట్టా దీనిమీద నిండాల్సిన పని లేదు కాబట్టి మాకు సిద్ధాంతాలెక్కువ. పొట్టకోసం తీసే పెళ్ళి ఫోటోగ్రాఫరుకి సిద్ధాంతం ఒక్కటే: పెళ్ళికూతురి మేనత్త ఆల్బంలో ఆరుసార్లకి తగ్గకుండా కనపడాలి. మేం అలా కాదు. తిరుగుడు అయ్యాక రావులపాలెంలో ఒక టీకొట్టు దగ్గర చేరి, తీసినవి ఒకరికొకరు చూపించుకుని, వాటిమీద చింతన చేస్తాం. మా చింతనలో పెద్ద మాట "క్లీన్ ఫ్రేమ్". అంటే మనుషులు లేని ఫోటో. మనిషి పడితే ఫ్రేము మురికి అయిందన్నమాట. ఈ పదం కనిపెట్టినవాడెవడో ఎప్పుడో మునిసిపాలిటీ పారిశుద్ధ్య విభాగంలో చేసుండాలి.

ఆమధ్య మా పెద్ద మేష్టారు ఖాళీ రేవు ఫోటో ఒకటి చూపించి, "ఇందులో మనిషి లేడు. ఆ లేకపోవడమే ఇందులో ఉన్న మనిషి" అన్నారు. అందరం రెండు నిమిషాలు నిశ్శబ్దం పాటించాం. టీ గ్లాసులు తీయడానికొచ్చిన కొట్టాయన వంగి చూసి, "బాగుందండి. పడవ పోయిందేటండి, ఎవరూ లేరు?" అన్నాడు. కళ అందరికీ అర్థం కాదు.

మనుషుల్ని ఫోటోలోంచి తప్పించడం ఇవాళ కొత్తగా వచ్చిన విద్యేమీ కాదు. 1838లో పారిస్‌లో డాగెర్ అనే ఆయన ఎత్తైన కిటికీలోంచి ఒక పెద్ద వీధిని ఫోటో తీశాడు. గుర్రబ్బళ్ళతో, జనంతో కిటకిటలాడే వీధి. అప్పటి పలక మీద బొమ్మ పడాలంటే నిమిషాల తరబడి వెలుతురు తగలాలి. కదిలేవన్నీ పలకకి అందకుండా పోయాయి. వీధి మొత్తం బోసిగా పడింది. ఒక మూల ఒకాయన మాత్రం కాలెత్తి బూటు తుడిపించుకుంటూ కదలకుండా నిలబడ్డాడు కాబట్టి మిగిలాడు. తుడిచేవాడు మసకమసకగా పడ్డాడు. ఫోటోలో దొరికిన మొట్టమొదటి మనిషి ఆయనే అంటారు. పేరు మటుకు ఎవరికీ తెలీదు.

డాగెర్ సాంకేతికత చాలక చేసిన పనిని మేం డబ్బు పోసి చేస్తున్నాం. కటకం ముందు తగిలించే నల్లద్దం ఒకటుంది, ఎన్డీ ఫిల్టరంటారు. ఒక్కో స్టాపుకీ వెలుతురు సగమవుతుంది, పది స్టాపులది కొంటే వెయ్యో వంతుకి తగ్గుతుంది. సెకనులో ముప్పయ్యో వంతులో అయిపోయే ఫోటోకి అర నిమిషం పడుతుంది. గోదారి పాలమీగడలా నున్నగా వస్తుంది, రేవులో నడిచే జనం ఆవిరైపోతారు. ఆ అర నిమిషం కదలకుండా ఉండేవి డెల్టా మొత్తానికి మూడే: కొంగ, గేదె, గేలం వేసుక్కూర్చున్న రిటైర్డ్ ఉద్యోగి. పాలబిందెలు మోసేవాళ్ళు, సైకిళ్ళు తోసేవాళ్ళు, బట్టలుతికేవాళ్ళు, ఒక్కరూ మిగలరు. పని చేస్తున్నావంటే ఫోటోలో పడవు. ఆ అద్దం నేను ఎనిమిది వేలు పెట్టి కొన్నాను. ఇప్పుడా బాధ కూడా లేదు, ఫోన్లో మనిషి చుట్టూ వేలితో గీస్తే వాడుండే చోట గట్టు మొలుస్తుంది. మా బ్యాంకాయన ఒకసారి పొరపాటున వాళ్ళ బావమరిదిని చెరిపేశాడు. ఇంట్లో ఇంకా నడుస్తోంది.

ఇంత కష్టపడి జనాన్ని తీసేశాక మేం కింద రాసే మాట: "మనిషి చెయ్యి తగలని ప్రకృతి".

ఇక్కడ ఒక చిన్న ఇబ్బంది ఉంది. ఆ కాలువని ప్రకృతి తవ్వలేదు. 1847లో కాటన్ దొర పని మొదలెట్టించి 1852కి ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట లేపేదాకా ఈ డెల్టాలో ఓ ఏడు వరద, ఓ ఏడు కరువు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా ఏటికడ్డంగా రాయి పేర్చారు. రాయి మోసిన వాళ్ళకీ, కాలువలు తవ్విన వాళ్ళకీ దొరకున్నట్టు విగ్రహాలు లేవు, వాళ్ళు అప్పుడే క్లీన్ ఫ్రేములోకి వెళ్ళిపోయారు. సుమారు పది లక్షల ఎకరాలకి నీళ్ళు పారేది ఆ తవ్వకంలోంచే. గట్టుమీద కొబ్బరి మొక్క ఒకడు పాతాడు, ఇంకొకడు నీళ్ళు పోశాడు, ఇప్పుడు దింపు కార్మికుడు ఎక్కి దించుతున్నాడు. పచ్చగా ఉందని మనం ముచ్చటపడే చేలో ప్రతి మొక్కా ఒకావిడ నడుం వంచి నాటిందే. ఆఖరికి కొంగలు కూడా వాటంతటవి రావు. దమ్ము ట్రాక్టరు బురద కెలికితే పురుగుల కోసం దాని వెనకాల వస్తాయి. మా ఎరువుల కొట్టాయన ట్రాక్టరుని కత్తిరించి, కొంగల్ని ఉంచి, "స్వేచ్ఛ" అని పేరు పెట్టాడు.

దాళ్వా ఊడ్పుల్లో నేనే ఒకసారి చేలో దిగి, "అక్కా, ఒక్క నిమిషం అలాగే వంగి ఉండండి" అన్నాను. "పొద్దుటి నుంచీ వంగే ఉన్నామండి, తమరే ఇప్పుడొచ్చారు" అంది ఆవిడ. లైటింగ్ గురించి ఆవిడకి అవగాహన లేదు.

నా చిన్నప్పుడు ఇది తిరగేసి ఉండేది. అమలాపురంలో స్టూడియోకి వెళ్తే మమ్మల్ని తెర ముందు కూర్చోబెట్టేవారు. తెరమీద కొండలు, సరస్సు, రెండు హంసలు, నిచ్చెనకి ఆనించినట్టు నిలువుగా నాలుగు కొబ్బరిచెట్లు, అన్నీ రంగులతో వేసినవి. స్టూడియో తలుపు తీస్తే అసలు కొబ్బరిచెట్లు, అయినా వాటి మొహం ఎవరూ చూసేవారు కాదు. జుట్టు నూనెతో అతికించి, బొత్తాం మెడదాకా పెట్టించి, గడ్డం పట్టుకుని ఇటు తిప్పి, మొహం మీద లైటు కొట్టేవారు. ప్రకృతి అబద్ధం, మొహం నిజం. మా మామ్మది ఒక్కటే ఫోటో, అక్కడ తీయించిందే. హంస మెడ ఆవిడ చెవిలోంచి పొడుచుకొచ్చినట్టుంటుంది. కూర్పు ప్రకారం ఘోరం. మా ఇంట్లో అగ్గి పుడితే ముందు బయటికి తెచ్చేది అదే.

సరే, విషయానికొస్తాను. మూడేళ్ళ కిందట ఒక పోటీకి నా ఖాళీ కాలువలు ఆరు పంపాను. ఆరూ తిరిగొచ్చాయి. "సాంకేతికంగా బాగున్నాయి, మానవ స్పర్శ లోపించింది" అని రాశారు. టీకొట్టులో పిడుగు పడ్డట్టయింది. ఇన్నాళ్ళూ తరిమిన మనిషిని ఇప్పుడు ఎక్కణ్ణించి తేవాలి? అత్యవసరంగా సమావేశమై మనిషికి కొన్ని అర్హతలు నిర్ణయించాం. చీమంత ఉండాలి. వీపు మనవైపు ఉండాలి. ఫ్రేముని నిలువుగా మూడు వంతులు చేస్తే కుడివైపు గీత మీద నిలబడాలి. పంచో లుంగీయో కట్టాలి, ప్యాంటు పనికిరాదు. చేతిలో ఫోను ఉండరాదు. నవ్వరాదు.

ముక్తేశ్వరం పక్క లంక రేవులో పడవ నడిపే బాబాయ్ ఒకాయనున్నాడు. లంకలో అరటి, కూరగాయలు పండించేవాళ్ళని అటూ ఇటూ దాటిస్తాడు. సూర్యోదయానికి ఎదురుగా పెట్టి తీశాను. మర్నాడు చూపిస్తే ఫోను దూరంగా పెట్టుకుని, దగ్గరగా పెట్టుకుని, "ఇందులో నేనెక్కడున్నానండి?" అన్నాడు. ఇదిగో ఈ నల్లగా ఉన్నది మీరే అన్నాను. మర్యాదస్తుడు కాబట్టి, "ఆయ్, పడవ బాగా పడిందండి" అన్నాడు.

నలుపుతో పని జరగదని, ఈసారి రంగులో తీద్దామని వెళ్తే కొత్త చిక్కు. బాబాయ్ ఒంటిమీద సిమెంటు కంపెనీ వాళ్ళు పంచిన టీషర్టు. పడవకి డీజిలింజను. పడవ మధ్యలో మేష్టరమ్మ కూర్చోడానికి నీలం ప్లాస్టిక్ కుర్చీ. ఇందులో సంప్రదాయం ఎక్కడుంది? కుర్చీ దింపించాను, టీషర్టు విప్పించాను. అయినా ఏదో వెలితి. ఆకుపచ్చ మధ్యలో ఎరుపు పడితే కన్ను ఆగుతుందని మా సిద్ధాంతం. రావులపాలెం వెళ్ళి ఎనభై రూపాయలు పెట్టి ఎర్ర తువ్వాలు కొని, తెచ్చి తలకి కట్టించాను. ఆ ఫోటోకి ప్రోత్సాహక బహుమతి వచ్చింది. "నేల వాసన ఉట్టిపడుతోంది" అన్నారు. తువ్వాలుకి అప్పటికింకా గంజి వాసన పోలేదు.

తువ్వాలు బాబాయ్ దగ్గరే వదిలేశాను. అక్కడే తప్పు చేశాను. ఏడాది తిరిగేసరికి రాజమండ్రి వాళ్ళూ, కాకినాడ వాళ్ళూ, ఒకాయన హైదరాబాదు నుంచి కారేసుకునీ వచ్చి తీశారు. ఎవరి ఫోటోలో చూసినా నా తువ్వాలే. ఒకదాని కింద, గోదావరి పడవవాళ్ళు తరతరాలుగా ధరించే ఎర్ర తలపాగా అని రాసుంది. చెప్పుకుంటే నవ్వుతారని ఊరుకున్నాను.

వరదల్లో మేం చేసిన చింతన రాయకుండా ఉంటేనే మంచిది, కానీ రాస్తాను. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకలు మునిగాయి. మా చిన్న మేష్టారు గట్టుమీంచి తీసుకొచ్చిన ఫోటోలో ఒకావిడ మొలలోతు నీళ్ళలో గ్యాసు సిలిండరు తోసుకుంటూ వస్తోంది. తొమ్మిది మందిమీ చూశాం. "లీడింగ్ లైన్స్ బాగా కుదిరాయి" అన్నారు పెద్ద మేష్టారు. అంటే కన్నుని ఫోటోలోకి నడిపించే గీతలు. కుదిరాయి, నిజమే. ఆవిడ గట్టెక్కిందా అని టీకొట్టాయన అడిగేదాకా మాకెవరికీ ఆ ప్రశ్న తట్టలేదు.

మనిషి మరీ ఎక్కువైనా కష్టమే. కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థానికి వెళ్ళండి. ప్రభంటే వెదురు చట్రానికి రంగు బట్టలు కట్టి ఎత్తుగా నిలబెట్టేది. గంగలకుర్రు వాళ్ళు అంత ప్రభనీ భుజాల మీద పెట్టుకుని కౌశిక ఏట్లోకి దిగి దాటిస్తుంటే చూడాలి. చూడాలి అంటున్నాను, తీయాలి అనటం లేదు. నేను తీసిన నలభై ఫోటోల్లోనూ ముందు వరసలో పైకెత్తిన చేతులు, చేతుల్లో ఫోన్లు, ఆ ఫోన్లలో చిన్న చిన్న ప్రభలు. నా ఫోను కూడా ఎవడి ఫోటోలోనో అలాగే పడుంటుంది.

మొన్న ఆదివారం మళ్ళీ లంక రేవుకి వెళ్ళాను. బాబాయ్ నన్ను చూసి కుర్చీ ఆయనే దింపేశాడు. పడవ చూరులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి తువ్వాలు తీసి దులిపాడు. బాగా వెలిసింది, ఇప్పుడు నిజంగానే సంప్రదాయంలా ఉంది.

"ఉత్తినే తీత్తారా బాబుగారూ, తువ్వాలు కట్టమంటారా?"

"కడితే?"

"కడితే యాభయ్యండి. గెడ పట్టుకుంటే ఇంకో యాభై. ఇంజనొచ్చాక దాంతో పనేముందండి, తమలాంటి వాళ్ళ కోసమే ఉంచాను. వల విసరాలంటే వందండి, మళ్ళీ ఆరబెట్టుకోవాలి."

"మరి మొహం కనపడేలా తీస్తే ఎంత బాబాయ్?"

తువ్వాలు సగం చుట్టినవాడు ఆగాడు. లెక్క కోసం కాసేపు నీళ్ళవైపు చూశాడు.

"దానికి రేటు పెట్టలేదండి. ఎవరూ అడగలేదు."