బావగారి బకెట్

కొత్త ఫ్లాటు చూసుకోవడానికి ఎవరైనా సెల్ఫీలు తీసుకునే ఫోనుతో వెళ్తారు. మా బావగారు బకెట్, గోళీకాయ, చిల్లర నాణెం, పెన్సిల్, టేపు చుట్టతో వచ్చారు. తాళాలు చేతికొచ్చేదాకే మనం ‘సార్’, వచ్చాక ఓ కంప్లైంట్ నంబరు అని ఆయన నమ్మకం. నేనూ కాదనలేను.

సైట్ ఇంజనీర్ గోడ నిమిరి, “ఫినిషింగ్ చూడండి సార్, అద్దమే” అన్నాడు. బావగారు గోడ వంక చూడనే లేదు. నేల మీద గొంతుక్కూర్చుని నాణెంతో టైల్స్ కొట్టడం మొదలుపెట్టారు. టక్, టక్, టక్... డబ్. ఆగారు. మళ్లీ కొట్టారు. డబ్.

“గుల్ల. కింద సిమెంటు సరిగ్గా పడలేదు. బీరువా పెట్టావంటే పగిలి కూర్చుంటుంది.”

“ఏసీ పాయింట్ ఉన్న రూమ్ కదా సార్, సౌండ్ కొంచెం అలాగే ఉంటుంది,” అన్నాడు ఇంజనీర్. ఏసీకి, నేలకి సంబంధం ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. గుల్ల దొరికిన చోటల్లా బావగారు టేపు ముక్క అంటించుకుంటూ పోయారు. కాసేపటికి మా హాలు యాక్సిడెంట్ వార్డులో పేషెంటులా తయారైంది.

గోడ మీద వెంట్రుకంత పగుళ్లు చూసి నేను కంగారుపడితే మాత్రం తీసిపారేశారు. “ప్లాస్టరింగ్ ఆరేటప్పుడు అవి మామూలేనోయ్. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకి, గోరు దూరేంత ఉంటే అప్పుడు టెన్షన్ పడు.” నేను ప్రతి కిటికీ మూలలోనూ గోరు పెట్టి చూశాను. గోరు విరిగింది గానీ పగులు దొరకలేదు.

అసలు కథ బాత్‌రూమ్‌లో. మీటరుకు ఓ సెంటీమీటరైనా వాలు ఉండాలట, అదీ జాలీ వైపు. బావగారు గోళీని వదిలారు. అది కాసేపు ఆలోచించుకుని, తీరిగ్గా బెడ్‌రూమ్ దారి పట్టింది.

“గోళీ గుండ్రంగా లేదేమో సార్.”

“నీళ్లయితే గుండ్రంగా ఉండక్కర్లేదుగా,” అంటూ బకెట్ కుమ్మరించారు. నీళ్లు జాలీని పలకరించనైనా లేదు. నేరుగా ఇంజనీర్ బూట్లలోంచి బెడ్‌రూమ్‌లోకి నడిచాయి.

రెండో బాత్‌రూమ్‌లో వాలు బాగానే ఉంది. బావగారికి అదే అనుమానం. జాలీలో గుడ్డ కుక్కి, గడప దాటకుండా నీళ్లు నిలిపి, గోడ మీద పెన్సిల్‌తో గీత గీశారు. “24 గంటలు ఎవరూ ముట్టుకోవద్దు.”

మర్నాడు గీత చూసే అవసరమే రాలేదు. కింది ఫ్లాటాయన తడిసిన ఫైలుతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. “ఎవరండీ పైన చెరువు తవ్వింది?”

“రండి రండి, మీ కోసమే చూస్తున్నాం,” అన్నారు బావగారు. “ఫాల్స్ సీలింగ్ వేయకముందే తెలిసింది, అదృష్టవంతులు. లేకపోతే మరక బయటపడేసరికి నెలలు పట్టేది. మీరు మాతో, మేం వీళ్లతో కొట్లాడేవాళ్లం. వీళ్లేమో ఫోన్ ఎత్తేవాళ్లు కాదు.”

ఆయన కోపం దిగిపోయింది. మెల్లగా, “ఆ నాణెం ఓసారి ఇస్తారా?” అన్నాడు.

టైల్స్ సందుల్లో వైట్ సిమెంట్ పూస్తే చాలన్నాడు ఇంజనీర్. “కారుతున్నది టైలు కింద వాటర్‌ప్రూఫింగ్ పొర. పైన పూస్తే నీళ్లు ఇంకో దారి వెతుక్కుంటాయి, అంతే. టైల్స్ లేపాల్సిందే,” అన్నారు బావగారు. గదుల వారీగా లిస్టు రాసి, ఫోటోలు జతచేసి, తేదీ వేసి సంతకం చేయించారు. ఆఖరి వాయిదా సొమ్ము అన్నీ బాగయ్యాకే.

ఇంజనీర్ పెన్ను జేబులో పెట్టుకుని ‘హమ్మయ్య’ అనుకునేలోగా, బావగారు బకెట్ అందుకుని మా సీలింగ్ వంక చూశారు.

“పై ఫ్లాటు తాళం ఎవరి దగ్గరుందయ్యా?”