లాక్‌డౌన్‌లో తగ్గింది జబ్బులు కాదు, వైద్యం

వాట్సాప్‌లో మళ్లీ మళ్లీ తిరిగే ఆ మెసేజ్ సారాంశం ఇది: 2020 లాక్‌డౌన్‌లో ఓపీలు మూసేశారు, గుండెపోట్లు ఆగిపోయాయి, చావులు తగ్గాయి, జనం హాయిగా బతికారు, కాబట్టి మన రోగాల్లో సగం ఆసుపత్రులు పుట్టించినవే. దీన్ని నమ్మి ఎవరైనా బీపీ మాత్రలు మానేస్తారేమోనని నిజంగా భయమేస్తుంది, అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

గుండెపోట్లు ఆగిపోయాయా? గుండెపోటుతో ఆసుపత్రిలో చేరేవాళ్లు తగ్గారు, అంతవరకు నిజం. దేశంలో 187 ఆసుపత్రుల లెక్కలు చూస్తే ఆ చేరికలు దాదాపు మూడో వంతు పడిపోయాయి. కానీ అర్ధరాత్రి ఛాతీలో నొప్పి వస్తే ఆటో దొరకదు, రోడ్డు మీద పోలీసులు, ఆసుపత్రికి వెళ్తే కరోనా అంటుకుంటుందని టెన్షన్, గ్యాస్ నొప్పేలే అనుకుని ఇంట్లోనే పడుకున్నవాళ్లు ఈ లెక్కల్లో ఎక్కడ కనపడతారు? రాజస్థాన్‌లో డయాలసిస్ రోగుల్ని వాకబు చేస్తే 63 శాతం మందికి చికిత్స దెబ్బతింది, 2020 మార్చితో పోలిస్తే మేలో వాళ్ల మరణాల రేటు 64 శాతం పెరిగింది. కిడ్నీలు పనిచెయ్యని మనిషికి డయాలసిస్ అవసరం ఏ ఆసుపత్రీ పుట్టించింది కాదు.

చావులు తగ్గాయన్నది ఇంకా పెద్ద తప్పు. రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు తగ్గారు, 1.51 లక్షల నుంచి 1.31 లక్షలకి. దేశం మొత్తం మీద నమోదైన మరణాలు మాత్రం 2019లో 76.4 లక్షలుంటే 2020లో 81.2 లక్షలయ్యాయి. ఇంకో అంకె చూడండి: నమోదైన మరణాల్లో ఏ వైద్య సాయమూ అందకుండా పోయినవాళ్లు 34.5 శాతం నుంచి ఒక్క ఏడాదిలో 45 శాతానికి పెరిగారు. ఆ ఏడాది ఓపీలు ఖాళీగా ఉండటానికి, ఇది ఇంతలా పెరగడానికి సంబంధం లేదని ఎవరైనా అనగలరా?

ఇక టీబీ. మెసేజ్‌లో దీని ఊసే లేదు, నా బాధంతా దీని గురించే. 2019లో 24 లక్షల కేసులు నమోదైతే 2020లో 18 లక్షలే. టీబీ తగ్గలేదు, కనిపెట్టడం తగ్గింది. టీబీ పరీక్షలు చేసే ట్రూనాట్, సీబీనాట్ యంత్రాల్ని కోవిడ్ పరీక్షలకి మళ్లించారు, టీబీ సిబ్బందిలో చాలామందిని కోవిడ్ డ్యూటీల్లో వేశారు. దానికి తోడు దగ్గు, జ్వరం మందులు కొన్నవాళ్ల వివరాలు రాసుకోవాలని మన రెండు రాష్ట్రాల్లోనూ మెడికల్ షాపులకి ఆదేశాలొచ్చాయి, దాంతో క్వారంటైన్‌కి పట్టుకుపోతారని దగ్గేవాళ్లు దగ్గును దాచుకున్నారు. అలా దాచిన టీబీ ఇంట్లో పిల్లలకీ ముసలివాళ్లకీ అంటుకుంటుంది. 2022 నాటికి కేసుల నమోదు మళ్లీ 24 లక్షలు దాటింది.

పిల్లలకేం కాలేదంటారా? ఆశాలు, ఏఎన్‌ఎంలు ఇంటింటి కరోనా సర్వేల్లో తిరుగుతుంటే ఊళ్లో టీకాల రోజు చాలాచోట్ల జరగనే లేదు. డబ్ల్యూహెచ్‌ఓ, యునిసెఫ్ అంచనా ప్రకారం దేశంలో డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం రాకుండా వేసే టీకా) మొదటి డోసు కూడా పడని పిల్లలు 2019లో 14 లక్షలైతే 2020లో 30 లక్షలు. 2022 చివర్లో ముంబైలో, ముఖ్యంగా గోవండి బస్తీల్లో, తట్టు విజృంభించి పసిపిల్లలు చనిపోయారు. కోవిడ్ రోజుల్లో టీకాలు తప్పిపోవడం దానికి ఒక ముఖ్య కారణం.

కార్పొరేట్ ఆసుపత్రుల దోపిడీ మీద మీ కోపం సరైనదే, అక్కర్లేని టెస్టులూ సిజేరియన్లూ నిజంగానే ఉన్నాయి. కానీ ఆ రోజుల్లో ఎక్కువగా కుంటుపడింది రూపాయి బిల్లు వెయ్యని సేవలు: పీహెచ్‌సీలో గర్భిణుల చెకప్, టీబీ మందులు, పసిపిల్లల సూదులు. హైదరాబాద్‌లో ప్రభుత్వ గాంధీ ఆసుపత్రిని కోవిడ్‌కే కేటాయిస్తే మామూలు రోగులకి నెలల తరబడి అక్కడ వైద్యం లేకుండా పోయింది, మళ్లీ నవంబర్‌లో గానీ తలుపులు తెరవలేదు. కోవిడ్ రోగుల్ని మిగతా ఆసుపత్రులకీ పంచండని జూన్‌లోనే అక్కడి జూనియర్ డాక్టర్లు ధర్నా చేశారు. అక్కడికి వెళ్లేది కార్పొరేట్ మెట్లు ఎక్కలేని జనం. వాళ్లు ఆ నెలల్లో హాయిగా బతికారని రాసినవాళ్లు వాళ్లలో ఒక్కర్నైనా అడిగి రాయాల్సింది.