పొట్ట వచ్చిందని వయసు మీద నింద వేయకండి

"ముప్పై దాటాక ఒళ్లు రావడం మామూలేలేండి, మెటబాలిజం తగ్గిపోతుంది కదా!" బెంగళూరులో మన తెలుగువాళ్లు నలుగురు కలిసిన ప్రతిచోటా ఈ మాట వినిపిస్తోంది. వైట్‌ఫీల్డ్‌లో గృహప్రవేశం భోజనాల దగ్గరా ఇదే, మారతహళ్లి ఆంధ్రా మెస్సులో విస్తరి ముందూ ఇదే. మన చేతుల్లో ఏమీ లేనట్టు తేలిగ్గా అనేసి, ఇంకో గరిటె అన్నం వడ్డించుకుంటారు.

అది నిజం కాదు. పుట్టి వారమైన పసిగుడ్డు నుంచి 95 ఏళ్ల వృద్ధుల దాకా, 29 దేశాల్లో 6,400 మందికి పైగా మనుషుల ఒళ్లు రోజుకు ఎంత శక్తి ఖర్చు చేస్తోందో (మెటబాలిజం అంటే స్థూలంగా ఇదే) కొలిచి, ఆ లెక్కలను 2021లో 'సైన్స్' పత్రికలో అచ్చువేశారు. మనిషి ఒంట్లో కండ ఎంత, కొవ్వు ఎంత అన్నది లెక్కలోకి తీసుకుని చూస్తే 20 ఏళ్ల నుంచి 60 ఏళ్ల దాకా ఆ ఖర్చు దాదాపు నిలకడగానే ఉంది. తగ్గడం 60 తర్వాతే మొదలవుతోంది. కాబట్టి 35వ ఏట వచ్చిన పొట్టను మెటబాలిజం ఖాతాలో రాయడానికి లేదు.

మరేం మారింది? రోజు మారింది. ఒంగోలు నుంచో అనంతపురం నుంచో చదువు ముగించుకుని వచ్చిన కుర్రాడు ఊళ్లో ఉన్నన్నాళ్లూ బస్టాండు దాకా నడిచేవాడు, సాయంత్రం వాలీబాలో క్రికెట్టో ఆడేవాడు, తొమ్మిదికల్లా అన్నం తిని పదిన్నరకు పడుకునేవాడు. ఇక్కడికొచ్చాక ఔటర్ రింగ్ రోడ్డు మీద క్యాబులో గంటంబావు కూర్చుంటాడు, ఆఫీసులో ఎనిమిది గంటలు కూర్చుంటాడు, తిరిగొచ్చేటప్పుడు సిల్క్ బోర్డ్ కూడలి ట్రాఫిక్‌లో మళ్లీ కూర్చుంటాడు. ఇంటికొచ్చి కాల్‌లో కూర్చుంటాడు. కాలిఫోర్నియాలో ఉదయం తొమ్మిదికి పెట్టిన మీటింగ్ మనకు ఎండాకాలంలో రాత్రి తొమ్మిదిన్నర, చలికాలంలో పదిన్నర. అది ముగిశాక ఆర్డర్ పెడితే బిర్యానీ వచ్చేసరికి పదకొండు దాటుతుంది. తిని, ఒరిగి, ఒంటిగంట దాకా ఫోన్. ఏడాదికి ఒక్క కిలో చొప్పున పెరిగినా ఇలాంటి రోజులు పదేళ్లు గడిస్తే పది కిలోలు. ఏ ఒక్క నెలలోనూ తేడా తెలియదు, అందుకే వయసు మీదకు నెట్టడం సులువు.

అన్నిటికన్నా ఆ రాత్రి భోజనం గురించి నాకు బెంగ. అదే అన్నం, అంతే అన్నం పొద్దున తిన్నప్పటి కన్నా రాత్రి తింటే రక్తంలో చక్కెర ఎక్కువ పెరుగుతుంది, దిగడానికి ఎక్కువ సేపు పడుతుంది. రాత్రిపూట ఒంటికి చక్కెరను సర్దుకునే శక్తి తక్కువ, అది మన జీవగడియారంలోనే ఉంది. మనం మాత్రం పొద్దున కాఫీతో సరిపెట్టుకుని, మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఏదో తిని, రోజులో అతి పెద్ద భోజనాన్ని పడుకునే ముందుకు జరిపేశాం. దానికితోడు నిద్ర కొరత. 1999లో 'లాన్సెట్'లో వచ్చిన ఒక షికాగో ప్రయోగంలో ఆరోగ్యంగా ఉన్న 11 మంది కుర్రవాళ్లను ఆరు రాత్రులు నాలుగేసి గంటలే మంచం మీద ఉండనిచ్చారు. అంతలోనే వాళ్ల ఒంటికి చక్కెరను అదుపు చేసే శక్తి స్పష్టంగా తగ్గిపోయింది. ఆరు రాత్రులకే అలా అయితే, ఏళ్ల తరబడి సాఫ్ట్‌వేర్ రిలీజుల పేరుతో నిద్ర కోసుకుంటున్న మనవాళ్ల సంగతి ఏమిటి?

మా చిన్నాన్న కొడుకు బెల్లందూరులో ఉంటాడు. 33 ఏళ్లు. కాళ్లూ చేతులూ సన్నగానే ఉంటాయి, పొట్ట ఒక్కటే చొక్కాను ముందుకు తోస్తుంటుంది. కంపెనీ చేయించిన హెల్త్ చెకప్‌లో ఫాస్టింగ్ (పరగడుపు) షుగర్ 112, మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1, రక్తంలో కొవ్వు ట్రైగ్లిజరైడ్స్ 260, స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ మొదటి గ్రేడ్. నాకు చూపించి, "బోర్డర్‌లైనేలే అక్కా, డాక్టర్ మందులు కూడా రాయలేదు" అన్నాడు. మందు రాయలేదు కాబట్టి జబ్బు లేదని వాడి లెక్క. వాడొక్కడే కాదు, మా ఆఫీసులో సగం మంది లెక్క అదే. రిపోర్టు పీడీఎఫ్ మెయిల్లో వస్తుంది, ఎర్రగా ఉన్న అంకెలు చూస్తారు, మూసేస్తారు, మళ్లీ ఏడాదికి తెరుస్తారు.

"నేను లావు లేనుగా" అనే ధీమా మన జాతికి అసలు పనికిరాదు. పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి దిగిన ఫొటో 2004లో 'లాన్సెట్'లో వచ్చింది. ఎత్తుకు బరువు ఎంతో చెప్పే బీఎంఐ ఇద్దరికీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం లండన్ డాక్టరుకు 9.1 శాతం, మన డాక్టరుగారికి 21.2 శాతం. మనవాళ్లకు పైకి సన్నగా ఉన్నా లోపల, ముఖ్యంగా పొట్టలో, కాలేయం చుట్టూ కొవ్వు చేరుతుంది. అందుకే పాశ్చాత్యులకు బీఎంఐ 25 దాటితే అధిక బరువైతే మనకు 23 దాటితే చాలు, అధిక బరువే. 25 దాటితే ఊబకాయం కిందే లెక్క. మొన్నమొన్న హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగుల మీద జరిగిన అధ్యయనంలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు చేరినట్టు తేలింది. చూసింది 345 మందినే, కానీ ఆ ఆఫీసులకూ మన ఆఫీసులకూ తేడా ఏముంది గనక?

ఒక టేపు తీసుకోండి. కింది పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడిమధ్యన, ఊపిరి మామూలుగా వదిలి, నడుము చుట్టూ కొలవండి. మగవాళ్లకు గీత 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80. ప్యాంటు సైజు నమ్మొద్దు, మనం ప్యాంటు కట్టేది పొట్ట కింద. ఆ తర్వాత రిపోర్టులో నాలుగు అంకెలు చూడండి: ట్రైగ్లిజరైడ్స్ 150కి చేరాయా, మంచి కొలెస్ట్రాల్ హెచ్‌డీఎల్ మగవాళ్లకు 40, ఆడవాళ్లకు 50 కన్నా తక్కువ ఉందా, బీపీ 130/85కు చేరిందా, పరగడుపు షుగర్ 100కు చేరిందా. నడుముతో కలిపి ఈ ఐదింట్లో మూడు గీత దాటితే దాన్నే మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. మా తమ్ముడికి నడుము కొలిచాం. నడుము, ట్రైగ్లిజరైడ్స్, షుగర్, మూడూ గీత దాటాయి.

బోర్డర్‌లైన్ దగ్గర ఉన్నవాళ్లు ఏమీ చేయకపోతే ఏమవుతుందో మన పక్క ఊరు చెన్నైలోనే చూశారు. డాక్టర్ రామచంద్రన్ బృందం సరిగ్గా ఇలాంటి 531 మందిని తీసుకుని చేసిన పరిశోధన ఫలితాలు 2006లో వచ్చాయి. మామూలు సలహాతో వదిలేసిన వాళ్లలో మూడేళ్లలో 55 శాతం మంది డయాబెటిస్‌లోకి వెళ్లిపోయారు. రోజూ కనీసం అరగంట చురుగ్గా నడవమని, తీపి, నూనె, తెల్లన్నం తగ్గించి పీచున్నవి పెంచమని వెంటబడి చెప్పిన వాళ్లలో అది 39 శాతానికి తగ్గింది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడిన వాళ్లకూ దాదాపు అంతే మేలు జరిగింది. నాకు ఇందులో బాగా నచ్చిన విషయం, నడకా తిండీ మార్చుకున్న వాళ్ల బరువు పెద్దగా తగ్గకపోయినా మేలు జరగడం. తూనిక మీద అంకె కదలడం లేదని నెలలోపే జిమ్ మానేసే వాళ్లంతా ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) లెక్కల్లో దేశంలో డయాబెటిస్ ఉన్నవాళ్లు 10.1 కోట్లు, దాని గుమ్మంలో ఉన్నవాళ్లు 13.6 కోట్లు. సులువుగా వెనక్కి మళ్లించగలిగింది ఈ గుమ్మంలో ఉన్నవాళ్లనే కదా! వాళ్లకేమో "ఏం పర్లేదు" అని చెబుతున్నాం.

పొద్దున్నే తేనె నిమ్మరసం, మెంతుల నీళ్లు, వారం రోజుల జ్యూసులు, నెలకు పది కిలోలు తగ్గిస్తామనే పొడులు, వీటి మీద పోసే డబ్బు చూస్తే కడుపు మండుతుంది. అన్నం గిన్నె జోలికి మాత్రం ఎవరూ పోరు. మన భోజనంలో ముద్దపప్పు, వేపుడు, పులుసు, రసం, పెరుగు దేనికదే అన్నం అడుగుతుంది. కందిపొడీ నెయ్యీ ఉంటే ఇంకో ముద్ద. ఆ గోంగూర, ఆ పప్పు మానమని నేను ఛస్తే చెప్పను. వాటిని ఎక్కువ తిని అన్నం తక్కువ కలుపుకోండి. ముందు కూర, పప్పు, గుడ్డో చేపో తిని అన్నం చివర్లో తింటే భోజనం తర్వాత చక్కెర అంతగా పైకి లేవదు. పొద్దున ఉప్మా బదులు పెసరట్టు, అందులో ఉప్మా పెట్టకుండా. సాయంత్రం నాలుగింటికి బిస్కెట్లూ సమోసాల బదులు ఉడికించిన శనగలో అలసందలో. పీజీ హాస్టళ్లలో ఉండే పిల్లలకు ఇది కష్టమని తెలుసు. అక్కడ పొద్దున పులిహోర, రాత్రి నీళ్ల సాంబారు, కోడిమాంసం ఆదివారం ఒక్కపూట. వాళ్లు కనీసం గుడ్లు ఉడకబెట్టుకునే చిన్న కుక్కర్ ఒకటి గదిలో ఉంచుకోనివ్వమని ఓనర్‌ను అడగాలి, అద్దె కడుతున్నారు కదా.

నడకతో పాటు బరువులు కూడా ఎత్తాలి, ఆడవాళ్లు మరీ ముఖ్యంగా. తిన్న చక్కెరను దాచుకునే పెద్ద గాదె కండరమే. వాడితే ఖాళీ అవుతుంది, మళ్లీ నింపుకుంటుంది. రోజంతా కూర్చుంటే నిండుగానే ఉండిపోతుంది, అప్పుడు మిగిలింది కాలేయానికి చేరి కొవ్వుగా మారుతుంది. వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక, రెండు రోజులు కండరాలకు పని, డబ్ల్యూహెచ్‌ఓ చెప్పేది ఇంతే. రాత్రి తిన్నాక పది పదిహేను నిమిషాలు అపార్ట్‌మెంట్ చుట్టూ తిరిగినా తేడా కనిపిస్తుంది. ఫుట్‌పాత్ లేని సర్జాపుర రోడ్డు మీద ఎక్కడ నడవమంటారు అని అడిగితే, ఆ కోపం నాకూ ఉంది. కబ్బన్ పార్కూ లాల్‌బాగూ అందరికీ దగ్గర కాదు. పార్కింగ్ గొడవల మీద గంటలు మాట్లాడే అసోసియేషన్ మీటింగుల్లో నడిచే దారి గురించి ఒక్కరూ మాట్లాడరేం?

ప్రసవం తర్వాత ఒళ్లు వచ్చిన ఆడవాళ్లను వెక్కిరించే వాళ్లకు ఒక మాట. మొదట "బాలింతవి, తిను" అని బలవంతం చేసేది మీరే, రెండేళ్ల తర్వాత "ఏంటమ్మా ఇలా అయిపోయావ్" అనేదీ మీరే. రాత్రంతా పిల్ల లేపుతుంటే నిద్ర లేని మనిషికి సలహాలు కాదు, ఒక గంట చెయ్యి ఖాళీ కావాలి. కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి తర్వాత పోయినవాళ్లు దాన్ని మరిచిపోకూడదు. ముందుముందు డయాబెటిస్ వచ్చే అవకాశం వాళ్లకు చాలా ఎక్కువ. కాన్పు అయిన మూడు నెలల్లోపు ఒకసారి, ఆ తర్వాత వరసగా పరీక్ష చేయించుకోవాలి. పిల్లకు టీకాలు తప్పకుండా వేయిస్తాం, తల్లికి ఈ పరీక్ష గుర్తుచేసే వాళ్లు ఇంట్లో ఒక్కరుండరు.

ఇప్పుడు బరువు తగ్గించే ఇంజక్షన్లు వచ్చాయి. అవి నిజమైన మందులే, అవసరమైన వాళ్లకు డాక్టర్ రాస్తే వాడుకోవచ్చు. ఆపేస్తే ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చినట్టు పరీక్షల్లోనే తేలింది కాబట్టి, ఈ రోజువారీ బతుకును మార్చకుండా సూది మీద భారం వేయొద్దు.

మేనేజర్లుగా ఉన్న మన అన్నలకు, అక్కలకు గట్టిగానే చెబుతున్నాను. రోజూ రాత్రి పది గంటల కాల్‌లో టీమ్ మొత్తం కూర్చోవలసిన పని లేదు. మా టీమ్‌లో వంతులు వేసుకున్నాం, ఒకరు కూర్చుని మిగతావాళ్లకు పొద్దున రాసి పంపుతారు. పని ఏదీ ఆగలేదు. ఏడాదికోసారి హెల్త్ చెకప్ కూపన్ ఇచ్చి, మిగతా రోజులన్నీ ఆ రిపోర్టును పాడుచేసే పనివేళలు పెట్టడం సంక్షేమం అనిపించుకోదు.

ఇదంతా డబ్బున్నవాళ్ల గొడవ అనుకునే వాళ్లుంటే, మీ గేటు దగ్గర ఉన్న సెక్యూరిటీ అన్నను, రాత్రి పార్శిల్ తెచ్చే కుర్రాడిని, క్యాబ్ నడిపే మదనపల్లె అన్నను అడగండి. వాళ్లదీ కూర్చునే పనే, కాకపోతే రాత్రి నిలబడే పని. చౌకగా కడుపు నింపేది అన్నమే, నిద్ర మనకన్నా తక్కువ, కంపెనీ చెకప్ లేనే లేదు. బెంగళూరు వార్డుల్లో ప్రభుత్వం వారి నమ్మ క్లినిక్‌లు నడుస్తున్నాయి, అక్కడ బీపీ, షుగర్ ఉచితంగా చూస్తారు. కన్నడం రాదని, ఏ కాగితాలు అడుగుతారోనని వీళ్లు లోపలికి వెళ్లరు. మీ వీధిలో అది ఎక్కడుందో కనుక్కుని, ఒక సెలవు పూట వాళ్లను వెంటబెట్టుకుని వెళ్లండి.