నీళ్లు తీశాక ట్యాబ్‌లో కనిపించని రైతు

2024 సెప్టెంబరు మొదటి వారం గుర్తుందిగా. టీవీలన్నీ విజయవాడలో బుడమేరు వాగు చుట్టూ, సింగ్‌నగర్ చుట్టూ తిరిగాయి. తిరగాల్సిందే, జనం డాబాల మీద ఉన్నారు మరి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగువకు వెళ్లింది. కొల్లిపర, కొల్లూరు, భట్టిప్రోలు వైపు కృష్ణా నది లంకలు మునిగాయి. అక్కడ పండేది పసుపు, కంద, అరటి, తమలపాకు.

వరి మునిగితే నీళ్లు త్వరగా తీస్తే తేరుకోవచ్చు, లేదంటే నారు దొరికితే మళ్లీ నాటుకోవచ్చు. పసుపుకి, కందకి ఆ వెసులుబాటు లేదు. పెట్టుబడిలో పెద్ద వాటా విత్తనానిదే కాబట్టి దుంప కుళ్లితే ఈ ఏడు పంటతో పాటు వచ్చే ఏటి విత్తనమూ పోయినట్టే. ఒక మొక్క పీకి దుంప నొక్కి చూస్తే తెలిసిపోతుంది, మెత్తగా వేళ్ల మధ్య జారిపోతుంది, ఆ కంపు ఎంత కడిగినా చేతిని వదలదు.

అలా నొక్కి చూసే చేతులు చాలావరకు ఆడవాళ్లవే. విత్తనం పెట్టడం, కలుపు తీయడం, పసుపు కొమ్ములు ఏరడం అన్నీ వాళ్ల పనులే. కానీ 2015-16 వ్యవసాయ గణన చూస్తే దేశంలో మహిళలు నడుపుతున్న కమతాలు సుమారు 14 శాతం. మిగతా పొలాల్లో ఆడవాళ్లు లేరనా? ఉన్నారు, కాగితం మీద లేరంతే.

ఆ కాగితం అవసరం వరద తర్వాతే పడుతుంది. నష్టం రాసుకోవడానికి వచ్చినాయన ట్యాబ్ తీసి మొదట అడిగేది పట్టాదారు పాస్‌బుక్ ఎవరి పేరున అని. కౌలు పొలమైతే ఇంకో చిక్కు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం ప్రకారం 11 నెలల సాగు హక్కు పత్రం ఇస్తారు, దానికి యజమాని సంతకం పెట్టాలి. సంతకం పెడితే భూమి ఎక్కడ పోతుందోనని ఆయన భయం. కౌలు డబ్బు తీసుకునేటప్పుడు ఈ భయం ఉండదు, అది వేరే సంగతి. ఎలాగోలా పత్రం వచ్చినా చాలా ఇళ్లలో అది మగాయన పేరునే ఉంటుంది. భర్త పోయిన ఇల్లో, ఆయన వలస వెళ్లిన ఇల్లో అయితే ఇక ఆమె గోడు ఎవరికి చెప్పుకోవాలి?

పరిహారం లెక్క కూడా పొలం విస్తీర్ణం మీదే నడుస్తుంది. 33 శాతానికి పైగా పంట పోతే ఇంత, పొలంలో మూడంగుళాలకు మించి ఇసుక మేట వేస్తే ఇంత. బాగానే ఉంది, కానీ కూలీల ముఠాతో నాట్లకి, కలుపుకి పోయే మనిషికి ఎకరం ఎక్కడిది? పొలం మునిగితే ఆమెకి పోయింది పని. కూలి రాదు, డ్వాక్రా కిస్తీ మాత్రం తేదీకి వచ్చేస్తుంది, గ్రూపులో ఒకరు కట్టకపోతే మిగతావాళ్ల మొహాలు చూడాలి. అది తీర్చడానికి వారం వారం వసూలు చేసే ప్రైవేటు అప్పు. ఇక గేదె సంగతి. చచ్చిపోతే పరిహారానికి రూలుంది. బతికి బయటపడి, గడ్డివాము తడిసి మేత లేక, కరకట్ట మీద తాటాకు నీడన పాలు సగానికి పడిపోయిన గేదెకి ఆ ట్యాబ్‌లో ఏ గడీ లేదు. ఇంట్లో రోజువారీ ఖర్చు నడిచేది ఆ పాల డబ్బుతోనే.

పరిష్కారం ఎవరికీ తట్టలేదనుకోకండి. 2007 జాతీయ రైతు విధానం కౌలుదార్లని, వ్యవసాయ కూలీల్ని కూడా రైతులనే అంది. మహిళా రైతుల హక్కుల కోసం వ్యవసాయ శాస్త్రవేత్త ఎం.ఎస్. స్వామినాథన్ రాజ్యసభలో ప్రైవేటు మెంబర్ బిల్లు పెట్టారు, అది 2013లో మురిగిపోయింది. అంత పెద్ద చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదని నా అభిప్రాయం. నష్టం రాసే రోజున పొలం ఎవరిదని కాకుండా ఎవరు చేస్తున్నారని గట్టు మీద నలుగురి ముందు అడిగి, ఆమె పేరు, ఆమె బ్యాంకు ఖాతా రాసుకుంటే చాలా పని అయిపోతుంది. ఊళ్లో ఎవరి చేను ఎవరు చేస్తున్నారో తెలియనివాళ్లు ఉండరు. డ్వాక్రా పుస్తకాల్లో ఆమె ఖాతా నంబరు ఎప్పటి నుంచో ఉంది, కిస్తీ కోసుకునేటప్పుడు అది దొరకలేదని ఎవరూ అనలేదు.