నూరు దేనారాలు చిన్న అప్పు కాదు
దేవుని క్షమాపణ రుచి చూసినవారికి ఎదుటివారిని క్షమించడం సులువవుతుందని క్షమాపణ గురించిన ఒక వ్యాసంలో చదివాను; ఆ మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను. పర్లాకిమిడిలో పొలంగట్టు తగాదా వల్ల మా చిన్నాన్నగారితో ఆరేళ్లు మాటల్లేకుండా గడిపాను. ఆ ఆరేళ్లూ చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభురాత్రి భోజనంలో మాత్రం తప్పకుండా పాలుపొందాను. బైబిల్లో మత్తయి సువార్త 18వ అధ్యాయంలో యేసు చెప్పిన ఉపమానంలో, పదివేల తలాంతుల అప్పు, అంటే తీర్చలేనంత పెద్ద మొత్తం, మాఫీ అయిన దాసుడు నూరు దేనారాల కోసం తోటి దాసుని గొంతు పట్టుకున్నాడని చదివి మనం అతణ్ణి తేలిగ్గా నిందిస్తాం గానీ, దేనారం ఒక కూలివాని దినవేతనం గనుక ఆ నూరూ మూడు నెలల పైబడిన కష్టార్జితం. నాకు జరిగిన నష్టాన్ని ప్రభువు కొట్టిపారేయలేదని అర్థమైన తరువాతే చిన్నాన్నగారి గడప తొక్కగలిగాను. ఆయన టీ పెట్టించారు. గట్టు ప్రస్తావన ఇద్దరమూ తేలేదు.